క్యూఈఈజీ పటంలో ఎరుపు కనబడితే దాన్ని చికిత్స నిర్ణయంలో ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: మనోవైద్యుడు

అందరికీ నమస్కారం. ఆరు నెలల క్రితం మా విభాగానికి ఒక క్యూఈఈజీ (క్వాంటిటేటివ్ ఈఈజీ, అంటే మెదడు తరంగాలను అంకెల్లో కొలిచే) యంత్రం వచ్చింది. అది 19 ఎలక్ట్రోడ్లతో మెదడు తరంగాలను నమోదు చేసి, వాటిని పౌనఃపున్యాల వారీగా విడగొట్టి, ఆరోగ్యవంతుల డేటాబేస్‌తో పోల్చి, సగటు కంటే బాగా ఎక్కువైన చోటును ఎరుపులో చూపే రంగుల పటాలుగా ముద్రించి ఇస్తుంది. నివేదికలు క్రమం తప్పకుండా అందుతున్నాయి గాని, రోగిని పరీక్షించి నేను ఏర్పరచుకున్న అభిప్రాయం పక్కన వాటికి ఏ స్థానం ఇవ్వాలో తేల్చుకోలేకపోతున్నాను.

రెండు సందర్భాలు చెబుతాను. మొదటిది 9 ఏళ్ల బాలుడిది. తరగతిలో కుదురుగా కూర్చోలేడని, మొదలుపెట్టిన పనిని సగంలో వదిలేస్తాడని బడి నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి. కళ్లు మూయించి చేసిన రికార్డింగులో, నడినెత్తి మీది ఎలక్ట్రోడ్ దగ్గర తీటా–బీటా నిష్పత్తి (నెమ్మది తీటా తరంగాలకూ వేగపు బీటా తరంగాలకూ ఉన్న నిష్పత్తి) వయసుకు తగిన సగటు కంటే రెండు ప్రామాణిక విచలనాలకు పైగా ఉందని నివేదిక చెబుతోంది. తల్లిదండ్రులు ఆ ఎరుపును చూసి, మెదడులో ఏదైనా దెబ్బ ఉందా అని కన్నీళ్లతో అడిగారు. రెండవది కుంగుబాటుతో వచ్చిన 45 ఏళ్ల మహిళది. ఆమె నిద్ర కోసం కొన్ని నెలలుగా క్లోనజెపామ్ వాడుతున్నారు. ఆమె నివేదికలో బీటా అధికంగా ఉందని, చాలా ఎలక్ట్రోడ్ జతల మధ్య కొహెరెన్స్ (రెండు చోట్ల తరంగాలు ఎంతగా కలిసి నడుస్తున్నాయన్న కొలత) అసాధారణంగా ఉందని రాసి ఉంది. యంత్రంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ దానికి ఆందోళన స్వభావం అని ఒక పేరు కూడా పెట్టింది.

రోగ నిర్ధారణకు గాని, మందు ఎంపికకు గాని ఈ అంకెలను వాడుకోవచ్చా? వాడుకోకూడదంటే, ఈ పరీక్ష నిజంగా పనికొచ్చే చోటు ఏది? అనుభవం ఉన్నవారు కొంచెం వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.


జవాబు: క్లినికల్ న్యూరోఫిజియాలజిస్టు

డాక్టర్ గారూ, మీకు నా మొదటి ప్రశ్న ఇది. ఆ ఇద్దరి ముడి రికార్డింగును, అంటే పటాలుగా మారకముందు గీతలుగా ఉన్న ఈఈజీని, ఎవరైనా మొదటి నుంచి చివరి దాకా చదివారా? చదవకపోతే ఆ నివేదికలోని ఏ అంకె మీదా చర్చ మొదలుపెట్టలేము. ఇది నా వ్యక్తిగత పట్టుదల కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ, అమెరికన్ క్లినికల్ న్యూరోఫిజియాలజీ సొసైటీ కలిసి 1997లో ఇచ్చిన నివేదిక కూడా, సాధారణ ఈఈజీ చదవడంలో నైపుణ్యం ఉన్నవారే, ఆ సాధారణ ఈఈజీకి తోడుగా మాత్రమే క్యూఈఈజీని వాడాలని చెప్పింది. యంత్రాలు ఎంత మారినా ఆ మాటకు కారణమైన చిక్కులు అలాగే ఉన్నాయి.

ఆ చిక్కులు ఎక్కడ పుడతాయో చెబుతాను. ఫూరియే విశ్లేషణ మనిచ్చిన సంకేతంలో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో లెక్కిస్తుంది, ఆ సంకేతం మెదడు నుంచి వచ్చిందా లేదా అని అడగదు. కనురెప్ప కొట్టుకుంటే నుదుటి ఎలక్ట్రోడ్ల దగ్గర పెద్ద నెమ్మది తరంగం వస్తుంది. యంత్రం దాన్ని డెల్టాగా, అంటే అన్నిటికంటే నెమ్మది మెదడు తరంగంగా, లెక్కవేసి పటంలో నుదుటి భాగాన్ని ఎరుపు చేస్తుంది. దవడ బిగిస్తే కణతల కండరాల సంకేతం బీటాలో కలుస్తుంది. వీటిని ఏరివేసే పద్ధతులు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మాట నిజమే, కాని అవి వదిలేసినది ఎంతో, పొరపాటున తీసేసినది ఎంతో ముడి గీతలు చూసినవారికే తెలుస్తుంది.

మెదడు నుంచే వచ్చిన సంకేతాన్ని కూడా యంత్రం తప్పుగా చదివే సందర్భాలున్నాయి. కళ్లు మూసుకుని మేలుకుని ఉన్నప్పుడు తల వెనుక భాగంలో వచ్చే ఆల్ఫా లయ కొందరు ఆరోగ్యవంతుల్లో సగం వేగంతో, సెకనుకు నాలుగైదు తరంగాలుగా కనబడుతుంది. కళ్లు తెరవగానే అణగిపోతుంది కాబట్టి అది ఆల్ఫాకు మరో రూపమేనని చదివేవారు గుర్తుపడతారు. యంత్రం మాత్రం దాన్ని తీటా పెట్టెలో వేసి అసాధారణం అంటుంది. పుర్రెకు శస్త్రచికిత్స జరిగినవారిలో ఎముకకు రంధ్రం ఉన్న చోట తరంగాల ఎత్తు పెరుగుతుంది, ఎందుకంటే సంకేతాన్ని అణచే ఎముక అక్కడ లేదు. పటంలో అది ఒకవైపు వ్యాధిలాగే కనబడుతుంది. ఈ రెండింటినీ చూసి అనవసరంగా స్కానింగులకు పంపిన సందర్భాలు నాకు ఎదురయ్యాయి.

ఇక లెక్కల సంగతి. ఇది చాలామంది దాటవేసే విషయం గనుక కొంచెం ఓపికగా చూడండి. 19 ఎలక్ట్రోడ్లను రెండేసి చొప్పున జత చేస్తే 171 జతలు వస్తాయి. ఒక్కో జతకు డెల్టా, తీటా, ఆల్ఫా, బీటా అని నాలుగు కొహెరెన్స్ విలువలు తీస్తే మొత్తం 684. ప్రతి విలువనూ డేటాబేస్‌తో పోల్చి, ఆరోగ్యవంతుల్లో నూటికి ఐదుగురు మాత్రమే దాటే హద్దును పెడితే, ఏ జబ్బూ లేని మనిషిలో కూడా సగటున 34 విలువలు ఆ హద్దు దాటుతాయి. ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి గనుక గుంపులుగా దాటి, ఒకే ప్రాంతంలో ఏదో జరిగిందన్న భ్రమ కూడా కలిగిస్తాయి. మీ రెండవ రోగి నివేదికలో చాలా అంటే హద్దు దాటిన విలువలు ఎన్ని? ఆ సంఖ్యను ఈ 34 పక్కన పెట్టి చూడండి.

ఆమె విషయంలో ఇంకో మాట. క్లోనజెపామ్ వంటి బెంజోడయాజెపైన్ మందులు బీటాను పెంచుతాయన్నది ఈఈజీ చదివే ప్రతివారూ తొలి రోజుల్లోనే నేర్చుకునే సంగతి. ఆ డేటాబేస్‌లోని వారు మందులేవీ వాడనివారు. అందువల్ల ఆ ఎరుపు ఆమె స్వభావం గురించి కాక, ఆమె వేసుకున్న మాత్ర గురించి చెబుతూ ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ పెట్టిన పేరును నివేదిక నుంచి తొలగించమని నా సలహా.

నిజమైన మార్పును యాదృచ్ఛికమైన దాని నుంచి వేరుచేయడానికి నేను పాటించే పద్ధతి ఒకటుంది. శుభ్రంగా ఉన్న భాగాలను రెండు సగాలుగా విడగొట్టి, విడివిడిగా విశ్లేషిస్తాను. రెండింటిలోనూ అదే చోట, అదే పౌనఃపున్యంలో తేడా కనబడితేనే దాని గురించి ఆలోచిస్తాను. అది ముడి గీతల్లో కంటికి కూడా కనబడాలి. కంటికి ఏమీ కనబడని చోట పటం ఒక్కటే గట్టిగా మాట్లాడితే నేను ముందుగా పటాన్నే అనుమానిస్తాను.


జవాబు: ఈఈజీ టెక్నీషియన్

పై జవాబు రాసిన డాక్టర్ గారితో పూర్తిగా ఏకీభవిస్తూ, రికార్డింగు గది వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను. నివేదిక చదివే వైద్యులు ఆ గదిలోకి రావడం అరుదు, కాని సగం తప్పులు అక్కడే జరుగుతాయి.

కళ్లు మూసుకుని పది నిమిషాలు కదలకుండా పడుకోమంటే మనిషికి మగత వస్తుంది. మగత వచ్చిందంటే ఆల్ఫా చెదిరి, తీటా పెరిగి, కనుగుడ్లు నెమ్మదిగా అటూ ఇటూ దొర్లుతాయి. డేటాబేస్ మాత్రం మేలుకుని ఉన్నవారితో తయారైంది. అందువల్ల నేను ప్రతి రెండు నిమిషాలకూ రోగిని పలకరించి, ఆ క్షణాన్ని రికార్డింగులో గుర్తు పెడతాను, మగతలోకి జారిన భాగాన్ని విశ్లేషణకు ఇవ్వను. ముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, కాఫీ తాగారా, పరీక్ష ఏ సమయంలో జరిగింది అన్నవి రాసిపెడతాను. ఈ నాలుగు వివరాలు లేని క్యూఈఈజీ నివేదిక మీ చేతికి వస్తే, దాన్ని తిప్పి పంపే హక్కు మీకు ఉంది.

ఎలక్ట్రోడ్లను 1958లో జాస్పర్ ప్రతిపాదించిన 10–20 పద్ధతిలో టేపుతో కొలిచి పెట్టాలి. టోపీ తొడిగి సరిపెట్టుకునే చోట చిన్న పిల్లల తలకు పెద్ద టోపీ వేసి, నడినెత్తి ఎలక్ట్రోడ్ ఒక పక్కకు జరిగిపోవడం నేను చూశాను. ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య విద్యుత్ నిరోధం 5 కిలో ఓమ్‌ల లోపు ఉండాలని మేము పాటిస్తాము, కుడి ఎడమల మధ్య ఆ విలువ సమంగా ఉండటం కూడా అంతే ముఖ్యం, లేకపోతే ఆ తేడానే పటంలో మెదడు తేడాగా కనబడవచ్చు.

రిఫరెన్స్ గురించి, అంటే ప్రతి ఎలక్ట్రోడ్ సంకేతాన్ని దేనితో పోల్చి కొలిచారో దాని గురించి, కూడా తప్పక అడగండి. చెవుల దగ్గరి ఎలక్ట్రోడ్లను రిఫరెన్స్‌గా తీసుకుంటే, కణతల ప్రాంతంలోని తరంగాలు చెవికి కూడా అంది, అక్కడి నుంచి మిగిలిన అన్ని ఎలక్ట్రోడ్లకూ పాకినట్టు లెక్కలోకి వస్తాయి. అన్ని ఎలక్ట్రోడ్ల సగటును రిఫరెన్స్‌గా మారిస్తే పటం రూపమే మారిపోతుంది. ఒకే రికార్డింగును రెండు రిఫరెన్సులతో పక్కపక్కన చూపించమని కోరితే, ఏ మార్పు నిలుస్తుందో, ఏది కరిగిపోతుందో మీకే తెలుస్తుంది.


జవాబు: ఐసీయూ వైద్యురాలు

ఇప్పటి వరకు వచ్చిన జవాబులు చదివితే క్యూఈఈజీని పక్కన పెట్టేయాలేమో అని మీకు అనిపించవచ్చు. నా అనుభవం అందుకు భిన్నమైనది. మా ఐసీయూలో అది లేని రాత్రిని నేను ఊహించలేను. తేడా ఎక్కడుందంటే, మేము రోగిని డేటాబేస్‌తో పోల్చము. నిన్నటి రోగితో, గంట క్రితపు అదే రోగితో పోలుస్తాము. పుర్రె మందం, వయసు, అలవాట్లు, తలలోని పాత గాయం అన్నీ రెండు పక్కలా అవే కాబట్టి, మారినది ఏదైనా ఉంటే అది ఈ గంటల్లో మారినదే.

ఒక ఉదాహరణ చెబుతాను. మెదడు పొరల మధ్య రక్తస్రావమైన రోగికి, తర్వాతి రోజుల్లో, ముఖ్యంగా నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా, రక్తనాళాలు ముడుచుకుని కొత్తగా మెదడుకు రక్తం అందని ప్రమాదం ఉంటుంది. స్పృహలో ఉన్న రోగి అయితే మాట తడబడటమో, చేయి బలహీనపడటమో చెబుతుంది. స్పృహ లేని రోగిలో ఆ సూచన ఏదీ దొరకదు. రక్తప్రవాహం తగ్గేకొద్దీ వేగపు తరంగాలు ముందుగా తగ్గి, నెమ్మది తరంగాలు పెరుగుతాయి కాబట్టి, ఆల్ఫాకూ డెల్టాకూ ఉన్న నిష్పత్తిని నిరంతరం గీస్తూ పోతే ఆ పతనం తెరమీద కనబడుతుంది. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, తీవ్ర స్థితిలో ఉన్న 34 మంది రోగులలో, వరుసగా ఆరు రికార్డింగుల్లో ఈ నిష్పత్తి ఆ రోగి తొలి విలువ కంటే 10 శాతానికి మించి తగ్గడాన్ని హద్దుగా పెట్టినప్పుడు, రక్తం అందక దెబ్బతిన్నవారందరూ ఆ హద్దులో పట్టుబడ్డారు. ఆ హద్దు దాటినా దెబ్బ తగలనివారు కూడా ఉన్నారు, అధ్యయనం కూడా చిన్నదే. అందుకే ఆ గీత పడిపోయినప్పుడు మేము వెంటనే చికిత్స మార్చము. ముందు ముడి ఈఈజీ చూస్తాము, మత్తుమందు మోతాదు పెంచారేమో నర్సును అడుగుతాము, రక్తపోటు, జ్వరం చూస్తాము, ఆ తర్వాత రక్తనాళాల స్కానింగుకు పంపుతాము.

శరీరం కదలకుండానే మెదడులో నడిచే మూర్ఛల విషయంలోనూ అంతే. 24 గంటల ఈఈజీని పేజీ పేజీగా చదవడానికి గంటలు పడుతుంది. గంటల తరబడి స్పెక్ట్రమ్‌ను (ఏ పౌనఃపున్యం ఎంత ఉందన్న లెక్కను) కుదించి ఒకే తెరమీద రంగుల పట్టీగా చూపిస్తే, మళ్లీ మళ్లీ వచ్చే మూర్ఛలు గోపురాల వరుసలాగా లేచి కనబడతాయి. ఆ గోపురం దగ్గర క్లిక్ చేసి ముడి గీతలు తెరిస్తే అది మూర్ఛా, లేక నర్సు రోగి వీపు తడుతుండగా వచ్చిన కదలికా అన్నది తేలుతుంది. నవజాత శిశువుల్లో వాడే ఏఈఈజీ (తరంగాల ఎత్తును కుదించి ఒక పట్టీగా చూపే ఈఈజీ) కూడా ఇదే కుటుంబానిది. పుట్టుకలో ఆక్సిజన్ అందని శిశువుల్లో దాని కింది అంచు 5 మైక్రోవోల్టులకు పైన, పై అంచు 10కి పైన ఉంటే నేపథ్యం బాగున్నట్టు భావిస్తాము. కాని గుండె సంకేతం కలిసి ఆ కింది అంచును కృత్రిమంగా పైకి లేపగలదు, కొద్ది సెకన్ల మూర్ఛలు ఆ కుదింపులో మాయం కాగలవు.

మీ ప్రశ్నలో నాకు వినిపించిన లోటు ఇదే. మీ ఇద్దరు రోగులకూ బేస్‌లైన్, అంటే పోల్చడానికి వారిదే తొలి రికార్డింగు, లేదు. ఆ మహిళకు మందు మార్చే ముందొకటి, తర్వాతొకటి రికార్డింగు చేసి ఉంటే ఆ తేడాకు ఎంతో కొంత అర్థం చెప్పవచ్చు.


జవాబు: పిల్లల మనోవైద్యురాలు

బాలుడి విషయం నేను చెబుతాను. తీటా–బీటా నిష్పత్తి మీద ఆధారపడిన ఒక పరికరాన్ని, 6 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం) మదింపుకు సహాయకంగా వాడేందుకు 2013లో అమెరికా ఔషధ, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఆ అనుమతిలోని సహాయకంగా అన్న మాటను చాలామంది మరచిపోయారు. 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ సాక్ష్యాధారాలను పరిశీలించి, సాధారణ క్లినికల్ పరీక్ష స్థానంలో ఈ నిష్పత్తిని వాడకూడదని, దీని వల్ల గణనీయమైన సంఖ్యలో పిల్లలకు తప్పుడు నిర్ధారణ జరిగే ప్రమాదం ఉందని హెచ్చరించింది. తొలి అధ్యయనాల్లో ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకూ లేని పిల్లలకూ మధ్య పెద్దగా కనబడిన తేడా, తర్వాతి అధ్యయనాల్లో క్రమంగా చిన్నదైపోయింది.

నిష్పత్తి పెరగడానికి తీటా నిజంగా పెరగనవసరం లేదన్నది ఇక్కడ కీలకం. పిల్లల ఆల్ఫా వయసుతో వేగం పుంజుకుంటుంది. ఒక బిడ్డలో ఆల్ఫా శిఖరం 8 హెర్ట్జ్ దగ్గరే ఉంటే, ఆ కొండలో సగం యంత్రం గీసిన తీటా హద్దులోకి వచ్చి పడుతుంది. పెద్దలకు గీసిన గీతతో బిడ్డను కొలిచినట్టు అవుతుంది. అందుకని నేను ఎప్పుడూ నిష్పత్తిని కాక మొత్తం స్పెక్ట్రమ్ గీతను అడిగి తెప్పించుకుంటాను, శిఖరం ఎక్కడుందో చూస్తాను.

ఆ తల్లిదండ్రులను మళ్లీ పిలిచి మాట్లాడండి. పటంలోని ఎరుపు అంటే దెబ్బ కాదని, సగటు నుంచి దూరం మాత్రమేనని, ఆ దూరానికి నిద్రమత్తు కూడా కారణం కావచ్చని చెప్పండి. కాగితం మీద ఎరుపు చూసిన తల్లికి ఆ మాట ఒక్కసారి చెబితే సరిపోదు. బడి నుంచి, ఇంటి నుంచి ప్రవర్తన ప్రశ్నావళులు తెప్పించి, వినికిడి, నిద్ర, చదవడంలో ఇబ్బంది చూసి, నిర్ధారణ వాటి మీద నిలబెట్టండి. క్షణం సేపు శూన్యంలోకి చూస్తూ ఆగిపోతాడని ఎవరైనా చెబితే మాత్రం ఈఈజీ తప్పనిసరి, అయితే అప్పుడు మీకు కావలసింది మూర్ఛ కోసం చదివిన సాధారణ ఈఈజీ.


తిరిగి ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మా టెక్నీషియన్‌తో కూర్చుని రెండు ముడి రికార్డింగులూ చదివాను. బాలుడి ఆల్ఫా శిఖరం సరిగ్గా 8 హెర్ట్జ్ దగ్గరే ఉంది. పైగా రికార్డింగు రెండవ సగమంతా మగతే, కనుగుడ్లు నెమ్మదిగా దొర్లడం స్పష్టంగా కనబడింది. విశ్లేషణకు తీసుకున్న భాగాల్లో ఎక్కువ ఆ సగంలోవే. మహిళ నివేదికలో హద్దు దాటిన కొహెరెన్స్ విలువలు 29. ఈ సంఖ్యను ఇక్కడి లెక్క చదవకముందు చూసి ఉంటే నేను ఎంతో పెద్దదనుకునేవాడిని. ఆమెలో బీటా మాత్రం ముడి గీతల్లో కూడా స్పష్టంగా ఉంది.

ఇకపై ఇటువంటి నివేదికలో వాక్యాలు ఎలా రాయాలో కూడా చెప్పగలరా? అలాగే, కుంగుబాటులో మందు ఎంపికకు దీన్ని వాడవచ్చంటున్నవారికి ఏమని బదులివ్వాలి?


జవాబు: క్లినికల్ న్యూరోఫిజియాలజిస్టు

రెండవ ప్రశ్నకు జవాబు చిన్నది. మందు ఎవరికి పనిచేస్తుందో క్యూఈఈజీతో ముందే చెప్పగలమన్న అధ్యయనాలు చాలా ఉన్నాయి. వాటిని కలిపి పరిశీలిస్తూ 2019లో వచ్చిన విశ్లేషణ, ఈ పద్ధతి ఒక్కొక్క రోగి చికిత్స నిర్ణయానికి ఇంకా సిద్ధంగా లేదని తేల్చింది. పరిశోధన కొనసాగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను, కాని ఆ పరిశోధన ఖర్చును గాని, తప్పు మందుతో గడిపే వారాలను గాని రోగి మీద వేయకూడదు. పెద్ద వయసు వ్యక్తి ఎవరైనా జ్ఞాపకశక్తి తగ్గి, చూపులో లేనివి కనబడుతున్నాయని వస్తే నా మాట వేరుగా ఉండేది. ల్యూయీ బాడీ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుకు 2017లో సవరించిన ప్రమాణాల్లో, తల వెనుక భాగంలో తరంగాలు నెమ్మదించి హెచ్చుతగ్గులవడాన్ని సమర్థించే సూచనగా చేర్చారు. అక్కడ ప్రధాన పౌనఃపున్యాన్ని అంకెల్లో కొలవడం నిజంగా సాయపడుతుంది. ఏ ప్రశ్నతో పరీక్షకు పంపుతున్నామన్నది రికార్డింగుకు ముందే కాగితం మీద ఉండాలి.

నివేదిక విషయానికి వస్తే, ముందు సాధారణ ఈఈజీ ఫలితం, దాని కింద విశ్లేషణకు తీసుకున్న శుభ్రమైన సెకన్లు ఎన్ని, రోగి మేలుకుని ఉన్నారా, మందులేవి, రిఫరెన్స్ ఏది అన్నవి రాయండి. అంకెలు ఆ తర్వాతే రావాలి. మీ రెండవ రోగికైతే నేను ఇలా రాస్తాను: "మెలకువలో చేసిన సాధారణ ఈఈజీలో నేపథ్య లయ వయసుకు తగినట్టే ఉంది, మూర్ఛ సూచనలు లేవు. ముందు భాగంలో బీటా అధికంగా ఉంది, ఇది క్లోనజెపామ్ ప్రభావానికి సరిపోతుంది. కొహెరెన్స్‌లో హద్దు దాటిన విలువల సంఖ్య యాదృచ్ఛికంగా ఆశించే పరిమితిలోనే ఉంది, వాటి ఆధారంగా ఏ నిర్ధారణా సూచించడం లేదు." బాలుడి రికార్డింగును ఉదయం పూట, బాగా నిద్రపోయిన మర్నాడు, కళ్లు తెరిచి కొంతసేపు, మూసి కొంతసేపు మళ్లీ చేయించండి. పాత పటాన్ని ఫైలులో అలాగే ఉంచి, దాని మీద మగత స్థితిలో తీసినది, పోలికకు పనికిరాదు అని చేతిరాతతో రాసి సంతకం చేయండి, ఎందుకంటే ఆ కాగితం రేపు ఇంకో వైద్యుని చేతికి వెళుతుంది.